‘లూనా దెస్వెలాదా’: నిద్రపట్టని చంద్రుడా, తెర తొలగిన చంద్రుడా?

— రెండు రోజులుగా ఒక స్పానిష్ పాదం బుర్రలో తిరుగుతోంది. కవి గుర్తులేడు. చివర ‘లూనా దెస్వెలాదా’ అని మాత్రం ఉంది. నేను చదివిన ఇంగ్లిష్‌లో ‘స్లీప్‌లెస్ మూన్’ అన్నారు. ‘అన్‌వెయిల్డ్’ అనకూడదా? మబ్బు తొలగిందేమో!

— అవి రెండు వేర్వేరు క్రియలండీ, వేషం ఒక్కటే. ఒక ‘దెస్వెలార్’ లాటిన్ ‘విగిలారె’ సంతానం: నిద్రపోనివ్వకపోవడం. రెండోది ‘వేలుమ్’ వైపుది: తెర తీయడం. ఇంగ్లిష్ ‘విజిల్’ (ఈల కాదు, జాగరణ) మొదటిదానికి చుట్టం, ‘రివీల్’ రెండోదానికి.

— అసలది ‘దెస్బెలాదా’. స్పానిష్‌లో వ, బ ఒకటే పలుకు.

— మన ‘బ’లా పెదాలు గట్టిగా మూయరు మాస్టారూ. నేను ‘వె’ అనే రాస్తాను.

— ఆ ‘దెస్’ సంగతి ఎవరూ అడగరేం? ‘వెలార్’ అంటేనే మేలుకొని ఉండడం. దానికి ‘దెస్’ తగిలిస్తే నిద్రపోవాలి కదా!

— ఇక్కడ ‘దెస్’ కాదనడానికి కాదు, నొక్కి చెప్పడానికి. నా అభ్యంతరం ‘స్లీప్‌లెస్’ మీద. రోజూ నిద్రపట్టనివాణ్ణి ‘ఇన్‌సోమ్నె’ అంటారు. ‘దెస్వెలాదో’ ఈ ఒక్క రాత్రికి నిద్ర చెదిరినవాడు. ‘వేక్‌ఫుల్’ కాస్త నయం. క్రియతో ఇంకా తంటా. మెక్సికోలో ‘మె దెస్వెలే’ అంటే రాత్రి చాలాసేపు మేలుకున్నానని. శిలాఫలకం మీద తెర తీస్తే అక్కడ ‘దెవెలార్’ అంటారు. కవిది ఏ దేశమో తెలిస్తే సగం చిక్కు వీడుతుంది.

— చంద్రుడంటే స్పెయిన్ కవి లోర్కాయే!

— చంద్రుడు కనిపిస్తే చాలు, మీకు లోర్కాయే.

— నిద్ర కూడా ఉందిగా! ఆయన న్యూయార్క్ కవితల్లో ‘సియుదాద్ సిన్ స్వేన్యో’ ఉంది, అంటే ‘స్వేన్యో’ లేని నగరం. ‘స్వేన్యో’ అంటే నిద్ర, కల కూడా. ఆ నగరానికి లేనిది ఏది? 1799లో స్పెయిన్ చిత్రకారుడు గోయా అచ్చువేసిన బొమ్మ కింద మాటకీ ఇదే పేచీ. హేతువు నిద్రపోతే రాక్షసులు పుడతాయా, కల కంటేనా?

— కలే. పందెం.

— నిద్రే. బొమ్మలో మనిషి బల్ల మీద వాలిపోయి ఉన్నాడు, చూడలేదా?

— అయ్యా, ఇంతకీ నా పాదం?

— ఉండండి, ఇది వినండి. కొవ్వొత్తిని ‘వేలా’ అంటారు, అది జాగరణ ఇంటిది. ఓడ మీద గుడ్డనూ ‘వేలా’ అంటారు, అది తెర ఇంటిది. మన తెరచాపలోనూ తెర ఉంది, గమనించారా?