పాత బడి కట్టడంలో ఏ భాగం ముందుది? ఎలా తేల్చాలి?
చిన్న పట్టణంలోని పాత బడి చరిత్ర రాస్తున్నాను. కాగితాలేవీ దొరకలేదు, గోడలే ఆధారం. ముందు గదుల్లో ఇటుకల మధ్య సున్నం, గోటితో గీకితే తెల్లగా పొడి రాలుతోంది. వెనక గదుల్లో సిమెంటు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు (ఇప్పుడు మామూలుగా వాడే సిమెంటు రకం) పేటెంటు 1824లో వచ్చింది కానీ, ఆ తర్వాతా చాలాకాలం సున్నంతో కట్టారుగా, అదొక్కటే చాలదు.

ముందు గదుల్లో పెద్ద కిటికీలన్నీ పిల్లలకు ఎడమవైపే. రాసే చేతి నీడ కాగితం మీద పడకుండా అలా పెట్టేవారు (ఎడమచేతి వాటం పిల్లల గోడు ఎవరికి పట్టింది!). కుడి గోడలో మాత్రం పూడ్చేసిన కిటికీ ఆనవాలుంది, అక్కడి ఇటుకల సైజు వేరు.

ఇటుక కొలతలు, మేకుల తీరు చూసి కాలం అంచనా కట్టినవాళ్లున్నారా? గోడ పగలగొట్టకుండా ఇంకెక్కడ చూడాలో చెప్పండి.