ఓపెన్ ఆఫీస్ అవర్స్: గంట చాలా, లింక్ అందరికీ ఇచ్చేయొచ్చా, ఎవరూ రాకపోతే ఏం చేయాలి?

ప్రశ్న

స్ప్రెడ్‌షీట్ పాఠాల న్యూస్‌లెటర్‌కి 900 మంది చందాదారులున్నారు. ఈమెయిల్‌లో అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. నెలకు రెండుసార్లు ఫలానా గంట అని పెట్టి, ఎవరొచ్చినా వీడియో కాల్‌లో ముఖాముఖి జవాబు చెప్పాలని ఉద్దేశం; ఓపెన్ ఆఫీస్ అవర్స్ అంటున్నది దీన్నే. జూమ్, గూగుల్ మీట్‌లలో ఉన్నవి ఉచిత ఖాతాలే. ఎంతసేపు పెట్టాలి? రిజిస్ట్రేషన్ కావాలా? ఎవరూ నోరు విప్పకపోతే, లేదా ఒక్కరే గంటంతా పట్టుకుంటే ఎలా?

జవాబు 1

ముందు సమయం తేల్చుకోండి. ఉచిత జూమ్ ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. ఉచిత గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది ఉంటే 60 నిమిషాలు. మీ అవసరానికి మీట్ నయం. అయితే గంట ఉంది కదా అని గంటా వాడకండి. 50 నిమిషాలని ప్రకటించండి. మిగిలిన పది నిమిషాలూ ఆలస్యంగా వచ్చేవాళ్లకీ, మైక్ పనిచేయనివాళ్లకీ సరిపోతాయి.

రోజు, వేళ మార్చొద్దు. 'నెలలో మొదటి, మూడో బుధవారం' అని ఒక్కసారి చెబితే గుర్తుంటుంది. 'వీలునుబట్టి చెబుతా' అంటే మూడో విడతకల్లా జనం పలచబడతారు. వేర్వేరు దేశాల్లో చదువరులుంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) వేళ కూడా రాయండి. కొన్ని దేశాల్లో ఏటా రెండుసార్లు గడియారాలు గంట ముందుకో వెనక్కో జరుపుతారు. మార్చిలో అమెరికా గడియారాలు ఐరోపా కంటే ముందే మారతాయి, శరదృతువులో ఐరోపావి ముందు మారతాయి. ఆ మధ్య వారాల్లో కొందరు గంట ముందో వెనకో వచ్చి ఖాళీ గది చూసి వెళ్లిపోతారు. ఆ విడతల ముందు తప్పకుండా గుర్తుచేయాలి.

ఇంకొకటి, 900 మందినీ గూగుల్ క్యాలెండర్ ఆహ్వానంలో అతిథులుగా చేర్చాలని చూడకండి. మామూలుగా పరిమితి 200. పైగా, అతిథుల జాబితా కనపడే సెట్టింగ్ తీసేయకపోతే ఒకరి ఈమెయిల్ ఇంకొకరికి తెలిసిపోతుంది. ఎవరికి వారు తమ క్యాలెండర్‌లో వేసుకునేలా ఒక ఐసీఎస్ ఫైలు (తెరిస్తే క్యాలెండర్‌లో చేరిపోయే ఫైలు) ఇవ్వండి, చాలు.

జవాబు 2

ఎవరూ నోరు విప్పకపోవడం గురించి చెబుతాను. ఆఫీస్ అవర్స్ చెడేది ఎక్కువగా అక్కడే. నిశ్శబ్దం భరించలేక నిర్వాహకులు పాఠం మొదలుపెట్టేస్తారు. పాఠం మొదలైందంటే వచ్చినవాళ్లు శ్రోతలైపోతారు, ఇక అడగరు.

రెండు రోజుల ముందే చిన్న ఫారం పంపండి. మూడే గడులు: ఏం చేయాలనుకుంటున్నారు, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగిపోయారు. రెండో గడి తీసేయకండి. అది లేకపోతే పావుగంట 'అది చూశారా, ఇది చూశారా'తోనే గడిచిపోతుంది. వచ్చిన ప్రశ్నల్లో తేలికైనది ఒకటి మొదటికి ఉంచుకోండి. ఉదాహరణకి, 'వీలుకప్ (VLOOKUP, పట్టికలో విలువ వెతికే ఫార్ములా) వేస్తే ఎన్/ఏ (#N/A, దొరకలేదు) వస్తోంది, సంఖ్య కళ్లముందే ఉంది' అని ఎవరో రాశారనుకోండి. తెర మీద ఆ గడి చూపించి, సంఖ్య ఎడమవైపుకి అంటుకుని ఉందా, కుడివైపుకా అని అడగండి. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే, ఎడమవైపు ఉన్నది టెక్స్ట్‌గా నిల్వ అయినట్టే; అందుకే సంఖ్యతో సరిపోలడం లేదు. రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం. 'ఇంత చిన్నది కూడా అడగొచ్చన్నమాట' అని మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది. మొదటి ప్రశ్న చేసే అసలు పని అదే.

'ఎవరికైనా సందేహాలున్నాయా?' అని అడగొద్దు. 'ఈ వారం ఏ ఫార్ములా మిమ్మల్ని ఆపేసింది?' అనండి. అడిగాక పది సెకన్లు మౌనంగా ఉండండి. చాలా పొడుగ్గా అనిపిస్తుంది కానీ, అవతలివాళ్లు మ్యూట్ తీసి మాట కూర్చుకోవడానికి ఆమాత్రం పడుతుంది.

ఒక్కరే పట్టుకోవడం గురించి: మనిషికి 8 నిమిషాలని మొదట్లోనే అందరికీ చెప్పండి. చాట్‌లో పేరు రాసినవాళ్లు రాసిన వరసలో వస్తారు. ఏడో నిమిషంలో 'ఇది ఇంకా లోతుగా చూడాలి, ఫైలు పంపండి, వచ్చేవారం జవాబిస్తాను' అనేసి తర్వాతివాళ్లని పేరుపెట్టి పిలవండి. ముందే చెప్పిన నియమం కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. వచ్చేవారం జవాబు మాత్రం పంపి తీరాలి.

జవాబు 3

రిజిస్ట్రేషన్ వద్దనే నా అభిప్రాయం. పేరు, ఈమెయిల్, ఊరు నింపమంటే 'ఒకసారి తొంగిచూద్దాం' అనుకున్నవాళ్లు ఆగిపోతారు, మీకు కావలసింది వాళ్లే. లింక్ న్యూస్‌లెటర్‌లో ఇవ్వండి, సోషల్ మీడియాలో బహిరంగంగా పెట్టొద్దు. అల్లరి చేసేవాళ్లు దొరికేది అలాంటి లింకుల దగ్గరే. ఎప్పుడైనా జూమ్‌కి మారితే పర్సనల్ మీటింగ్ ఐడీ (మీ ఖాతాకి ఇచ్చిన సొంత మీటింగ్ నంబరు) వాడకండి. అది మారదు, మీ ఇతర మీటింగుల్లోకీ దారి తెరిచినట్టవుతుంది. మీరు రానిచ్చేదాకా బయటే ఆపే వెయిటింగ్ రూమ్ పెట్టి, స్క్రీన్ షేర్ హోస్ట్‌కే, అంటే మీకే ఉంచి, అవసరమైనవాళ్లకి అప్పటికప్పుడు ఇవ్వండి.

రికార్డింగ్ కూడా వద్దు. ఎర్ర చుక్క కనపడగానే 'నాకు ఇది రాదు' అని చెప్పేవాళ్లు తగ్గిపోతారు. రానివాళ్ల కోసం అదే రోజు ప్రశ్నలూ జవాబులూ పేర్లు లేకుండా ఒక పేజీ రాసి పంపండి. పదిసార్లు వస్తున్న ఆ ప్రశ్నకి తర్వాత ఆ పేజీ లింకే ఇవ్వొచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండి. ఒక్క సందేహం మిగిలింది: వచ్చినవాళ్లెవరైనా తమ ఆఫీసు ఫైలే తెర మీద తెరిచేస్తే? జీతాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి కదా.

జవాబు 2

అసలు ఫైలు తెరవనివ్వొద్దు. పది వరసలు కాపీ చేసి, పేర్ల చోట అ, ఆ, ఇ అని, అంకెల చోట ఏవో కల్పిత అంకెలు పెట్టి తెమ్మని ఫారంలోనే రాయండి. అయితే తప్పు వచ్చే వరస అందులో ఉండాలి, దాని అంకెని మళ్లీ టైపు చేయకూడదు. చేస్తే టెక్స్ట్‌గా ఉన్నది కాస్తా సంఖ్యగా మారిపోయి, చూపించడానికి తప్పే మిగలకపోవచ్చు. షేర్ చేసేటప్పుడు మొత్తం స్క్రీన్ కాకుండా ఆ ఒక్క విండోనే ఎంచుకోమనండి. ఎవరూ రాని రోజున కూడా కనీసం 20 నిమిషాలు గది తెరిచే ఉంచి, ఆ విడతకి వచ్చిన ఫారం ప్రశ్నలకి జవాబులు రాసుకోండి. పదిహేనో నిమిషంలో వచ్చేవాళ్లు ఉంటారు.