కేంబ్రిడ్జిలో పంటు, సఖినేటిపల్లిలో పంటు

పోస్టు:

సభ్యులందరికీ నమస్కారం. మొన్న లండన్ నుంచి కేంబ్రిడ్జికి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చాను. కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే గంటలోపే దించేస్తుంది. ఊరు ఎంత బాగుందో చాలామంది రాశారు, నేను రాయబోయేది ఒక మాట గురించి.

అక్కడ ఏటి ఒడ్డున కుర్రాళ్ళు ధరల కార్డులు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళని "పంటింగ్, పంటింగ్" అని పడవ షికారుకి పిలుస్తుంటారు. మాది నరసాపురానికి అవతలి ఒడ్డు, సఖినేటిపల్లి వైపు. వశిష్ఠ గోదావరి దాటాలంటే మాకు పంటే, అంటే రేవు దాటించే బల్లపరుపు పడవే గతి. బైకులు, కార్లు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అందరూ దాని మీదే. వరదొచ్చి పంటు ఆగిందంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సిందే.

కేంబ్రిడ్జి పంటుకి ఇంత చాకిరీ లేదు. సుమారు 24 అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అడుగు మాత్రం మన పంటులాగే బల్లపరుపు. చుక్కాని లేదు, తెడ్డు మీద నడవదు. వెనక చెక్క మీద ఒకతను నిలబడి పొడవాటి గెడ నీళ్ళలోకి దించి, నేలను తన్ని తోస్తుంటాడు. మనం దిళ్ళకి ఆనుకుని కాలేజీల వెనక వైపు చూస్తూ పోవడమే. ఆ వెనక వైపుకి వాళ్ళ పేరు 'బ్యాక్స్'. అచ్చంగా మన పెరడు.

ఈ రెండు పంట్లూ ఒకటేనా? మనకి ఆ మాట ఎవరి ద్వారా వచ్చింది?

ఇంకో విషయం. నీళ్ళ మీది మాటలన్నీ నాకు ఇట్టే తెలిశాయి. జీసస్ గ్రీన్ దగ్గర ఏటి మీద లాకు ఉంది, పడవలు దాటడానికి నీటిమట్టం పెంచి తగ్గించే తలుపుల కట్టడం. లొల్ల లాకులు చూసి పెరిగినవాడికి దాన్ని వేరే చెప్పక్కర్లేదు. తిరకాసంతా ఒడ్డెక్కి కాలేజీల్లోకి పోయాకే. గేటు దగ్గర 'పోర్టర్స్ లాడ్జి' అని బోర్డు. మన లెక్కలో అది రైల్వే కూలీలు దిగే హోటల్. అక్కడ పోర్టరంటే గేటు కాసే పెద్దమనిషి, లాడ్జి అంటే ఆయన కూర్చునే గది. లోపల నాలుగు వైపులా గదులు, మధ్యన ఖాళీ జాగా, దాని పేరు 'కోర్టు'. ట్రినిటీ కాలేజీలో గ్రేట్ కోర్ట్ అంటే హైకోర్టు కాదు, పెద్ద లోగిలి. అందులోని పచ్చిక మీద నడిచే హక్కు ఫెలోలకే. 'ఫెలో' అక్కడ పెద్ద హోదా. మా స్కూల్లో మాత్రం "యూజ్‌లెస్ ఫెలో" అనిపించుకోకుండా ఎవరికీ రోజు గడిచేది కాదు.

గుంటూరు నుంచి:

వేరు ఒకటేనండీ. లాటిన్‌లో 'పోంటో' అంటే అడుగు చదునుగా ఉండే పడవ. ఇంగ్లీషు పంట్, డచ్చి పోంట్, పాంటూన్ వంతెనలోని పాంటూన్ అన్నీ దాని సంతానమే. మన దగ్గరికి వచ్చిన దారి మీదే చర్చ పెట్టాలి. ఇంగ్లీషు అని అందరూ అనేస్తారు గానీ, నా మొగ్గు డచ్చి వైపు. డచ్చిలో పోంట్ అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే రేవు పడవ. ఆంస్టర్‌డాం రైల్వే స్టేషన్ వెనక సైకిళ్ళతో సహా ఎక్కి అవతలికి దాటే పడవని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. సఖినేటిపల్లి పంటు చేసే పని సరిగ్గా అదే కదా. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళకి మచిలీపట్నంలో, పాలకొల్లులో వ్యాపార కొఠీలున్నాయి. పాలకొల్లుకీ నరసాపురానికీ ఎంత దూరం చెప్పండి!

రాజమండ్రి నుంచి:

మాస్టారూ, పని కలిస్తే చాలదు కదండీ, పలుకు కూడా కలవాలి. డచ్చి పోంట్ మన నోట్లో పడితే 'పొంటు' అవుతుంది. ఇంగ్లీషు పంట్ అయితే చివర ఒక్క ఉకారం చేరి పంటు అయి కూర్చుంటుంది. పైగా 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి, కాలువలు తవ్వించింది కాటన్ దొర. పడవలు నడవడానికి కాలువల మీద పెట్టిన లాకులకి ఇంగ్లీషు పేరే నిలిచింది. లాకు ఇంగ్లీషైనప్పుడు పంటు డచ్చి ఎందుకవ్వాలి?

ఇంగ్లీషు పంట్ అంటే షికారు పడవే అనుకోవడం కూడా సరికాదు. కేంబ్రిడ్జికి షికారు పంట్లు వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో. అంతకుముందు ఆ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో సరుకు మొయ్యడానికీ, చేపలకీ, నీటిపిట్టల వేటకీ వాడేవారు. అంటే అదీ కష్టం చేసి బతికిన పడవే. నా ఓటు ఇంగ్లీషుకే.

కైకలూరు నుంచి:

పంటు ఎక్కడి నుంచి వస్తేనేం గానీ, ఆ నడిపే పనికి మన దగ్గర మాట ఉంది: గెడ వెయ్యడం. మా కొల్లేట్లో తాటిదోనె నడిచేది గెడ మీదే. పంటింగ్‌ని 'గెడపడవ షికారు' అనండి, ఎవరికైనా తెలుస్తుంది. గెడ బురదలో దిగబడితే అక్కడ ఏం చేస్తారు?

పోస్టు పెట్టినవారు:

గెడనే వదిలెయ్యమంటారండీ. పట్టు వదలకుండా వేలాడితే పడవ ముందుకు పోతుంది, మనిషి గెడతో మిగులుతాడు. ఒడ్డున జనం చూసి నవ్వేది ఎక్కువ అందుకే. ఇంకో తమాషా, ఆక్స్‌ఫర్డ్‌లో పంటు నడిపేవాళ్ళు వెనక చెక్క మీద ఎక్కరు. పడవని తిప్పేసి, లోపల వాలుగా ఉన్న కొసన నిలబడి తోస్తారు. అవతలివాళ్ళది తప్పని రెండు ఊళ్ళవాళ్ళూ అంటారు. లోగిలి విషయంలోనూ అంతే, కేంబ్రిడ్జిలో కోర్టు అనేది ఆక్స్‌ఫర్డ్‌లో 'క్వాడ్'.

జగిత్యాల నుంచి:

అన్నా, కోర్టుకు లోగిలి అంటే మా దిక్కు ఎవరికీ తెల్వదు. చుట్టూ అర్రలుండి నడుమ ఆకాశం కనబడే ఇంటిని మేము భవంతి ఇల్లు అంటం. పుస్తకాలల్ల భవంతి అంటే పెద్ద మేడ అయింది.

రాజమండ్రి నుంచి:

మావైపు మండువా అంటాం తమ్ముడూ. కానీ మండువాలో వాన ఇంట్లోకే కురుస్తుంది, అంత పెద్ద కోర్టుకి ఆ మాట ఇరుకు. లోగిలే బాగుంది. పోస్టు పెట్టిన బాబాయిగారూ, ఒక్క రోజులో ఇంకేం చూశారు?

పోస్టు పెట్టినవారు:

కింగ్స్ కాలేజీ చాపెల్, అంటే ఆ కాలేజీ ప్రార్థన మందిరం, దానికొక్కదానికే సగం పూట పోయింది. 1446లో మొదలుపెట్టారు. కప్పు వేసింది మాత్రం 1512 నుంచి 1515 మధ్య. 289 అడుగుల పొడవునా రాతి కప్పే. దాన్ని 'ఫ్యాన్ వాల్ట్' అంటారు, ఆ రకం కప్పుల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. ఫ్యాన్ అనగానే మన కళ్ళు రెక్కలు వెతుకుతాయి. ఇక్కడ ఫ్యాన్ అంటే విసనకర్ర. స్తంభం తల నుంచి రాతి ఈనెలు తాటాకు విసనకర్రలా విచ్చుకుని ఎదుటి స్తంభం ఈనెల్ని అందుకుంటాయి. మెడ నొప్పెట్టినా తల దించబుద్ధి కాలేదు. మన తెలుగింటివారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు 1948లో డాక్టరేటు తీసుకున్నది ఈ కాలేజీలో ఉండే. అప్పట్లో ఆయన పనిచేసిన పురావస్తు మ్యూజియం ఈ ఊళ్ళోనే డౌనింగ్ స్ట్రీట్‌లో ఉంది. సూడాన్‌లో దొరికిన పాత ఎముకల కొలతలతో ఆయన అక్కడ కుస్తీ పట్టారు. ఆ మ్యూజియానికి టికెట్ లేదు, తప్పకుండా చూడండి.

క్వీన్స్ కాలేజీ చెక్క వంతెన గురించి పడవవాళ్ళు చెప్పేది నమ్మకండి. మేకుల్లేకుండా న్యూటన్ కట్టాడట! ఆ వంతెన 1749 నాటిది, న్యూటన్ పోయింది 1727లో. ఇప్పుడున్నది 1905లో మళ్ళీ కట్టింది. ఏటి పేరు సంగతి మాత్రం నిజంగా వింతే. దాని పాత పేరు గ్రాంటా. దాని మీది వంతెన వల్ల ఊరికి పేరొచ్చింది, ఆ పేరు జనం నోట్లో నలిగి కేంబ్రిడ్జి అయింది, అందులోంచి తిరిగి ఏటికి 'కామ్' అని పేరు పెట్టారు.

వైజాగ్ నుంచి:

మా అమ్మాయి దగ్గరికి మే నెలలో వెళ్తున్నామండీ. అన్ని కాలేజీల్లోకీ రానిస్తారా?

పోస్టు పెట్టినవారు:

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా పరీక్షల కాలం అక్కా, చాలా కాలేజీలు బయటివాళ్ళకి గేటు మూసేస్తాయి. బయలుదేరే ముందు ఆయా కాలేజీల సైట్లు చూసుకోండి. దారి అడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త: రాతలో కైయస్ అని ఉన్న కాలేజీని 'కీస్' అనాలి, మాగ్డలీన్‌ని 'మాడ్లిన్' అనాలి. పంటుని పంటు అంటే చాలు.