మాగ్నమ్ రైఫిల్ తన్నును తట్టుకోవడం ఎలా?

కొలరాడోలో ఉంటున్నాను. ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాను కాల్చే రైఫిల్ కొనాలనుకుంటున్నాను. మిత్రుడి రైఫిల్‌ను బల్ల మీద ఆనించి పది తూటాలు కాల్చాను. కాల్చినప్పుడల్లా రైఫిల్ వెనక్కి తన్నడంతో భుజం కమిలింది, అది రెండు రోజుల్లో తగ్గింది. అసలు బాధ వేరు: ఆరో తూటా నుంచి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుపోతున్నాయి, గురి తప్పుతోంది. జంతువును గాయపరిచి వదిలేయడం నా వల్ల కాదు.

గొట్టం కొసకు మజిల్ బ్రేక్ అనే రంధ్రాల తొడుగు బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది, కానీ చప్పుడు పెరిగి పక్కవారి చెవులకు ప్రమాదం. బరువైన రైఫిల్ తక్కువ తన్నుతుంది, మోస్తూ కొండెక్కడమే కష్టం.

నేను 300 గజాలు దాటి కాల్చను. అలాంటప్పుడు 1906 నాటి, తన్ను తక్కువగా ఉండే .30-06 తూటా రైఫిల్ సరిపోతుందా? లేక మాగ్నమే కొని, తన్ను దాదాపు లేని చిన్న .22 రైఫిల్‌తో సాధన చేసి ఈ బెదురు పోగొట్టుకోవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.