ఉద్దానం పేషెంటుకి యాంజియో: చేతి నుంచా, కాలి నుంచా?

కవిటి_కుర్రోడు: మా పెదనాన్నకి నడిస్తే గుండెల్లో పట్టేస్తోంది, విశాఖలో యాంజియో (సన్నని గొట్టం పంపి గుండె రక్తనాళాలు చూసే పరీక్ష) రాశారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 3.2, అంటే బాగా ఎక్కువ. డాక్టరుగారు గజ్జ నుంచి చేస్తామంటున్నారు, ఇంట్లో మాత్రం చేతి నుంచే చెయ్యాలని ఒకటే పట్టు, ఎందుకంటే మా వీధిలో ఒకాయనకి కాలి నుంచి చేస్తే లోపల రక్తం కారి ఐసీయూ దాకా వెళ్లింది. ఏం చెయ్యమంటారు?

రాజాం_రమణ: ఇందులో ఆలోచించడానికేముంది, చెయ్యే. రైవల్ (2011), మ్యాట్రిక్స్ (2015) రెండూ చేతి దారినీ కాలి దారినీ పోల్చి వేలమంది మీద చేసిన ట్రయల్సే. రైవల్‌లో సూది గుచ్చిన చోట సమస్యలు చేతివైపు బాగా తక్కువ, మ్యాట్రిక్స్‌లో పెద్ద రక్తస్రావాలూ తగ్గాయి. ఇంకా కాలి నుంచే అంటున్నారంటే పాత అలవాటు, అంతే.

క్యాత్‌ల్యాబ్_సిస్టర్_విజయనగరం: రమణగారూ, ట్రయల్స్ సంగతి నిజమే, కానీ పేషెంటుది ఏ ఊరో చూశారా? కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో క్రియాటినిన్ 3 దాటిన మనిషికి రేపు డయాలసిస్ అవసరపడొచ్చు. అప్పుడు ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనీ కలిపే చిన్న ఆపరేషన్) మొదట చూసేది మణికట్టు దగ్గరే, చేతి యాంజియోకి వాడే అదే రక్తనాళంతో. యాంజియో తర్వాత కొందరికి అది మూసుకుపోతుంది, చేతికి నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ గమనించరు. ఆ డాక్టరుగారు అలవాటుకొద్దీ చెప్పినట్టు నాకనిపించడం లేదు.

కుర్రోడూ, మీ వీధాయనకి జరిగింది అరుదు, నూటికి ఒకరికన్నా తక్కువ. గజ్జలో సూది కాస్త పైకి పడితే, తీశాక నొక్కిపట్టడానికి అక్కడ వెనక ఎముక ఆసరా ఉండదు, రక్తం బయటికి రాకుండా పొట్ట వెనక్కి పోతుంది. కట్టు శుభ్రంగానే ఉంటుంది, తొడ మామూలుగానే ఉంటుంది. మనిషేమో "నడుము పీకేస్తోందమ్మా, పక్కకి తిప్పండి" అంటాడు, ఇంట్లోవాళ్లు వెల్లకిలా పడుకోబెట్టారు కదా అందుకే అనుకుంటారు. ఈలోగా చెమటలు పడతాయి, నాడి వేగం పెరుగుతుంది, బీపీ దిగిపోతుంది. నడుమునొప్పి అనగానే సిస్టర్‌ని పిలవండి, విసుక్కున్నా సరే. కిడ్నీ పేషెంట్లకి ప్లేట్‌లెట్ కౌంటు బాగున్నా అవి సరిగ్గా అతుక్కోవు, అందుకే ఇంకాస్త జాగ్రత్త.

రాజాం_రమణ: మరి హార్ట్ ఎటాక్ వచ్చి ప్రాణం మీదకొస్తే కూడా రేపటి ఫిస్టులా కోసం చూసుకుంటూ కూర్చోవాలా?

క్యాత్‌ల్యాబ్_సిస్టర్_విజయనగరం: ఎటాక్ అయితే ఏది తొందరగా దొరికితే అదే, అక్కడ మీతో గొడవ లేదు. ఇది ముందే తేదీ ఇచ్చిన యాంజియో కదా. అల్ట్రాసౌండ్‌లో చూసి సూది వేస్తారా అని అడగండి, కిడ్నీకి భారమయ్యే డై (రక్తనాళాలు కనపడేందుకు ఎక్కించే మందు) ఎంత తగ్గించగలరో కూడా.

పలాస_జీడిపప్పు: ఒకటి మర్చిపోయారు. మర్నాడే బస్సెక్కించి ఇంటికి తెచ్చేసి, రెండో రోజుకి బిందె ఎత్తనిస్తారు మనవాళ్లు! గజ్జలో నాడిలా కొట్టుకునే గడ్డ కనిపిస్తే వేడికాపడం పెట్టకండి, డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) తీయించండి. చాలావాటికి ఆపరేషన్ లేకుండానే, నొక్కిపట్టో ఇంజెక్షన్ ఇచ్చో సరిచేస్తారు.

కవిటి_కుర్రోడు: సరే మేడం, ఫిస్టులా సంగతి ఇంట్లో చెప్తాను. పెద్దమ్మ ఒప్పుకోవడమే కష్టం, ఆవిడకి ఆ వీధాయన రోజూ కనిపిస్తాడు.

రాజాం_రమణ: ఒప్పించే ముందు కిడ్నీ డాక్టరుతో కూడా ఒక మాట రాయించుకోండి. నాకైతే ఇంకా చెయ్యే.