మిర్యాలగూడలో ఇంటికి ఎయిర్ ప్యూరిఫయర్: ఎంతది తీసుకోవాలి, ఎలా వాడాలి?

మిర్యాలగూడ అమ్మ:
మా ఇల్లు రైస్ మిల్లులకు దగ్గర. పొద్దున డాబా మీదికి బట్టలు ఆరేయడానికి పోతే తీగ మీద నల్లటి ఊక బూడిద పడి ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే గానీ బట్ట వేయలేం. వానాకాలం వడ్లు వచ్చే నవంబర్‌లో, మళ్లీ యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఇది ఎక్కువ, అదే టైంలో చుట్టుపక్కల పొలాల్లో వరి కొయ్యలు కూడా కాలబెడతారు. మా బాబుకు ఆరేళ్లు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. డాక్టర్ గారు ఇన్‌హేలర్ రాశారు, వాడితే తగ్గుతోంది, పొగ ఉన్న రోజుల్లో మళ్లీ మొదలవుతోంది.

ప్యూరిఫయర్ కొందామనుకుంటున్నాం. షాపతను ఎనిమిది వేలది చూపించి హాలులో పెడితే ఇల్లంతటికీ సరిపోతుందంటున్నాడు. మా మరిదేమో ఫిల్టర్ లేకుండా దుమ్ముకు కరెంటు ఆవేశం ఇచ్చి కింద పడేసే అయానైజర్ తీసుకో వదినా, మార్చే ఖర్చుండదు అంటున్నాడు. రెండు బెడ్‌రూములు, ఒక హాలు, ఆ హాలుకు కలిసే వంటిల్లు. వాడుతున్నవాళ్లు ఎవరైనా చెప్పండి, రోజూ రాత్రి వాడి దగ్గు వింటుంటే టెన్షన్‌గా ఉంది.

క్లాక్‌టవర్ నల్లగొండ:
అక్కా, హాలులో ఒక్కటి పెట్టి ఇల్లంతా శుభ్రం అన్న మాట నమ్మకండి. వంటిల్లు కలిసిన హాలులో తలుపు తీస్తూ వేస్తూ ఉంటే, అడుగు లేని బిందెలో నీళ్లు పోసినట్టే. బాబు పడుకునే గది ఒక్కటి చూసుకోండి. చిన్నపిల్లలు రాత్రి తొమ్మిది, పది గంటలు ఆ గదిలోనే ఉంటారు కదా, ఆ గాలి బాగుంటే సగం పని అయినట్టే.

డబ్బా మీద ‘ఇన్ని చదరపు అడుగులకు’ అని రాసింది పక్కన పెట్టి, సీఏడీఆర్ అనే అంకె చూడండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో అది చెబుతుంది. మీ గది పన్నెండు అడుగులు బై పది, ఎత్తు పది అనుకుందాం. మొత్తం 1,200 ఘనపుటడుగులు, అంటే దాదాపు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు ఆ గాలి ఫిల్టర్‌లోంచి పోవాలంటే 170 కావాలి. కానీ 170ది కొంటే సరిపోదు, ఎందుకంటే ఆ అంకె మిషన్ ఫుల్ స్పీడులో ఉన్నప్పటిది. ఫుల్ స్పీడు చప్పుడుకు పిల్లలు పడుకోరు, మీరు స్లీప్ మోడ్‌లో పెడతారు, అప్పుడు వచ్చే గాలి బాగా తగ్గిపోతుంది. అందుకే 300, ఆపైన ఉన్నది తీసుకుని మధ్య స్పీడులో నడపండి. కొన్ని కంపెనీలు సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు అని రాస్తాయి, దాన్ని 1.7తో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి.

ఫిల్టర్ అసలైన హెపా, అంటే చాలా సన్నటి కణాలను కూడా పట్టే రకం అయి ఉండాలి. హెచ్13 అని రాసి ఉంటే పట్టుకోవడానికి అత్యంత కష్టమైన సైజు కణాలను కూడా 99.95 శాతం ఆపుతుంది. ‘హెపా టైప్’, ‘హెపా లాంటిది’ అని ఉంటే వదిలేయండి. అయానైజర్ మాత్రం అస్సలు వద్దు, వాటిలో కొన్ని ఓజోన్ అనే ఘాటు వాయువును వదులుతాయి. పిల్లికూతలు ఉన్న పిల్లాడి ఊపిరితిత్తులకు అది ఇంకా చెడ్డది. మీరు కొనే హెపా మిషన్‌లో అయానైజర్ బటన్ విడిగా ఉంటే దాన్ని ఆఫ్‌లో ఉంచండి.

ఇంకొక మాట. తీగ మీద పడే బూడిద కంటికి కనిపించే సైజుది, అది కింద పడిపోతుంది, దాన్ని తుడుచుకోవచ్చు. లోపలికి పోయేది దాంతో వచ్చే కనిపించని పొగ, పీఎం 2.5 అనేది. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టుకున్న పరిమితి 15 మాత్రమే. మన జిల్లాలో గాలి బాగుందనుకుంటాం కానీ, 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ కూడా ఉంది.

చౌటుప్పల్ దగ్గర:
పైన అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. హెపా పట్టేది కణాలను మాత్రమే, వాసనను కాదు. మా వైపు కొన్ని రాత్రులు కెమికల్ వాసన ఘాటుగా వస్తుంది, మిషన్ మీద పచ్చ లైటే వెలుగుతూ ఉంటుంది, ఎందుకంటే దాని సెన్సార్ దుమ్మును లెక్కబెట్టేది. వాసనలకు యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనను పీల్చుకునే బొగ్గు కావాలి, అదీ గింజల రూపంలో బరువుగా ఉండాలి. హెపాకు అతికించిన పల్చటి నల్ల గుడ్డ లాంటిది నాలుగు రోజులు పనిచేస్తే గొప్ప. మీ బాధ పొగ, బూడిద కాబట్టి కార్బన్ కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

మిర్యాలగూడ అమ్మ:
ఇద్దరికీ థాంక్స్. మాది పాత ఇల్లు, కిటికీల పైన సిమెంటు జాలీ వెంటిలేటర్లు ఉన్నాయి, అవి మూసుకోవు. ఇంకోటి, ఎండాకాలం ఆ గదిలో కిటికీకి కూలర్ పెడతాం, ఏసీ లేదు. అప్పుడెలా?

క్లాక్‌టవర్ నల్లగొండ:
కూలర్ నడిచేటప్పుడు ప్యూరిఫయర్ దండగ అక్కా, ఈ సంగతి షాపువాళ్లు చెప్పరు. కూలర్ బయటి గాలిని గదిలోకి నెడుతుంది, ఇంకోవైపు కిటికీ తెరిచి ఉంటేనే చల్లదనం వస్తుంది. ఆ వేగానికి ఏ మిషనూ అందుకోలేదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఫ్యాన్‌తో సరిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు, సీలింగ్ ఫ్యాన్ తిరిగితే గాలి కలిసి మంచిదే. ఏప్రిల్, మే నెలల్లో కొయ్యలు కాలే పొగ ఎక్కువగా ఉన్న రాత్రులు కూలర్ ఆపి పడుకోగలరా అన్నదే అసలు సమస్య. మీ దగ్గర డబ్బు ఒకదానికే ఉండి, ఎండాకాలమే బాబుకు ఎక్కువ ఇబ్బంది అయితే, ఆ గదికి చిన్న ఏసీ గురించి కూడా ఆలోచించండి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటి పొగను లాగదు, కిటికీలు మూసుకోవచ్చు. తర్వాత ప్యూరిఫయర్ కలపొచ్చు.

జాలీలకు లోపలివైపు మందపాటి ప్లాస్టిక్ షీటు కొట్టించండి, పొగ సీజన్ అయ్యాక తీసేయొచ్చు. తలుపు కింద సందుకు పాత చీర చుట్టి పెట్టండి. అలాగని పగలూ రాత్రీ మూసి ఉంచకండి, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ప్యూరిఫయర్ తీయలేదు. మధ్యాహ్నం పొగ లేనప్పుడు ఓ గంట అన్నీ తెరవండి.

పాలమూరు:
మాది మహబూబ్‌నగర్. ఇక్కడ మిల్లుల పొగ కంటే రోడ్డు దుమ్ము, కంకర మిషన్ల దుమ్ము ఎక్కువ. దానికైతే మిషన్ కొనొద్దనే చెబుతాను, పొడి చీపురుతో ఊడ్చడం మానేసి రోజూ తడిగుడ్డ పెడితే చాలా తగ్గుతుంది. కానీ మీ బాబు సంగతి వేరు, కొనండి.

కొనే ముందు ఇంట్లో పొగ ఆపండి. దోమల కాయిల్ వాడుతుంటే ఈ రోజే ఆపేసి దోమతెర కట్టండి. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క కాయిల్ నుంచి వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని తేల్చారు. మూసిన గదిలో, పిల్లాడి మంచం కింద! సాంబ్రాణి, ఊదుబత్తి కూడా ఆ గదిలో వద్దు, దేవుడి దగ్గర దీపం పెట్టుకోండి చాలు. మా ఇంట్లో వంటింట్లో పోపు వేస్తే పక్క గదిలో మిషన్ లైటు ఎర్రగా అయి మోత మొదలుపెడుతుంది, వంట పొగ అంత దూరం వస్తుందని అది చూశాకే మా ఇంట్లో వాళ్లు ఒప్పుకుని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం మొదలుపెట్టారు.

ఇంకా, మిషన్ తెచ్చాక మొదట దాని వెనక మూత తీసి చూడండి. చాలావాటిలో ఫిల్టర్‌ను ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పంపుతారు. మా చిన్నమ్మ వాళ్లింట్లో ఆ కవర్ తీయకుండానే చలికాలమంతా నడిపారు, నేను విప్పి చూస్తే ఫిల్టర్ తెల్లగా కొత్తదానిలాగే ఉంది.

మిర్యాలగూడ అమ్మ:
కాయిల్ వాడుతున్నాం. ఇవాళే ఆపేస్తాం. ఫిల్టర్ కడగొచ్చా? కరెంటు ఎంత కాలుతుంది?

క్లాక్‌టవర్ నల్లగొండ:
మిషన్‌లో హెపాకు ముందుండే జాలీని పదిహేను రోజులకోసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. హెపాకు నీళ్లు తగలొద్దు, పాడైపోతుంది. మార్చమని వెలిగే లైటు చాలా మిషన్లలో మురికిని కొలవదు, ఎన్ని గంటలు తిరిగిందో లెక్కబెడుతుంది అంతే. మీరు పొగ నెలల్లోనే వాడితే ఫిల్టర్ ఎక్కువ కాలం వస్తుంది, తీసి చూసి నల్లబడితేనే మార్చండి. కొనే ముందే ఆ ఫిల్టర్ ధర, అది సులువుగా దొరుకుతుందా అన్నదీ కనుక్కోండి. కరెంటు పెద్దగా కాదు, 40 వాట్లది రాత్రి పది గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు.

గోడకు ఒక అడుగు దూరంలో, పరదా అడ్డం రాకుండా, మంచానికి దగ్గరగా పెట్టండి. పడుకోవడానికి అరగంట ముందే ఫుల్ స్పీడులో ఆన్ చేసి, తర్వాత తగ్గించండి. ఇన్‌హేలర్ మాత్రం డాక్టర్ చెప్పేదాకా ఆపొద్దు, గాలి బాగైంది కదా అని తగ్గించొద్దు. షాపులో ఒక్క పని చేయండి, మిషన్ నడుస్తుండగా ప్లగ్ తీసి మళ్లీ పెట్టించండి. కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ కాని మోడళ్లు ఉన్నాయి, రాత్రి కరెంటు పోయి వస్తే తెల్లారేదాకా ఆగే ఉంటుంది.