"ఎంత పడుతుంది?": డేటాబేస్ అంచనాలో ఒక క్రియతో వచ్చిన చిక్కు

ప్రశ్న: డేటాబేసులో రికార్డులను డిస్కు మీద ఏ క్రమంలో అమర్చితే, ఏ ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతికి పట్టే సూచిక) పెడితే క్వెరీ (డేటాబేసును అడిగే ప్రశ్న) ఎలా నడుస్తుందో ముందుగా లెక్కగట్టే పద్ధతి గురించి ఒక పాఠం రాస్తున్నాను. అందులో "ఈ క్వెరీకి 22,500 పడుతుంది" అన్న వాక్యాన్ని చదివినవారు అది మిల్లీసెకన్ల లెక్క అనుకుంటున్నారు. దీనిని ఎలా సవరించాలి?

మొదటి సమాధానం: చిక్కు "పడుతుంది" అన్న రూపంలోనే ఉంది. కాలానికి మనం వాడే క్రియ "పట్టు", ఖరీదుకు వాడేది "పడు". "గంట పట్టింది", "ఖరీదు ఎక్కువ పడింది" అన్నప్పుడు రెండూ వేరువేరుగానే వినిపిస్తాయి. జరగబోయేదానిని చెప్పేటప్పుడు మాత్రం వాడుకలో "పట్టు" కూడా "పడుతుంది"గా మారి, రెండు క్రియలూ ఒకే రూపంలో కలిసిపోతాయి. గ్రాంథికంలో "పట్టును", "పడును" అని వేరుగా ఉండేవి కనుక ఈ ఇబ్బంది లేదు. అంచనా ఎప్పుడూ జరగబోయేదాని గురించే కాబట్టి, తేడా అత్యవసరమైన చోటే అది మాయమవుతోంది.

విషయానికి వస్తే, ఆ 22,500 కాలం కాదు. ఐబీఎం వారి సిస్టమ్ ఆర్ అనే డేటాబేస్ బృందం 1979లో ప్రచురించిన పద్ధతిలో, డిస్కు నుంచి తేవలసిన పేజీల (ఒకేసారి చదివే డేటా ముక్కల) సంఖ్యకు ప్రాసెసర్ చేయవలసిన పనిని ఒక గుణకంతో హెచ్చించి కలిపి ఖర్చు కట్టారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసుది నేటికీ ఆ దారే. అందులో ముందుగా పెట్టి ఉన్న విలువల ప్రకారం వరుసగా చదివే పేజీకి 1, ఎక్కడెక్కడికో వెళ్లి తెచ్చే పేజీకి 4, ఒక్కో రికార్డుకు 0.01, దాని మీద ఒక షరతు పరీక్షించడానికి 0.0025 చొప్పున లెక్క. పేజీకి 100 చొప్పున 10 లక్షల రికార్డులు 10,000 పేజీలలో ఉన్నాయనుకుంటే, మొత్తం చదవడానికి పేజీలకు 10,000, రికార్డులకు 10,000, షరతుకు 2,500 కలిసి మీ 22,500 వస్తుంది.

ఇక ఆ రికార్డులలో నూటికి ఒకటే, అంటే 10,000 మాత్రమే, కావాలనుకుందాం. అవి పట్టిక అంతటా చెదిరి ఉంటే, ఇండెక్స్ ద్వారా వెళ్లినా సుమారు 6,300 పేజీలను తాకవలసి వస్తుంది. పేజీల ఖర్చే 25,200 దాటుతుంది కనుక, ఈ రెండు దారులే ఉంటే, ప్లానర్ (ఏ దారిలో వెళ్లాలో ఎంచే భాగం) ఇండెక్సును పక్కన పెట్టి పట్టిక మొత్తం చదవడానికే మొగ్గుతుంది. అవే రికార్డులు ఆ ఇండెక్స్ క్రమంలోనే అమరి ఉంటే 100 పేజీలు చాలు, ఖర్చు కొన్ని వందలకు దిగుతుంది. క్వెరీ మారలేదు, ఇండెక్స్ మారలేదు, మారినది డిస్కు మీది అమరిక ఒక్కటే.

రెండవ సమాధానం: నాదొక సందేహం. ఖర్చు తగ్గితే కాలమూ తగ్గుతుంది కదా, అటువంటప్పుడు ఈ రెండింటినీ ఇంత కచ్చితంగా విడదీయడం అవసరమా?

మొదటి సమాధానకర్త: సాధారణంగా తగ్గుతుంది, తగ్గాలనే ఆ లెక్క. అయితే ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు) వాడేవారు చాలామంది, ఎక్కడెక్కడికో వెళ్లి తెచ్చే పేజీకి ఉన్న ఆ 4ను 1.1కి దించుతారు. అప్పుడు పైన చెప్పిన 25,200 కాస్తా 6,930 అవుతుంది, ప్లానర్ ఇండెక్స్ వైపు తిరుగుతుంది. డిస్కు అదే, డేటా అదే. మారినది మనం రాసిన గుణకం. మిల్లీసెకన్లు అలా మన ఇష్టానికి మారవు. ఒకే గుణకాలతో లెక్కగట్టిన రెండు దారులను పోల్చడానికి తప్ప ఆ అంకె మరెందుకూ పనికిరాదు.

కనుక "ఖర్చు 22,500గా లెక్క తేలింది" అని రాయండి. క్వెరీ ఇంకా నడవకపోయినా లెక్క మాత్రం అప్పటికే పూర్తయింది కాబట్టి భూతకాలం ఇక్కడ తప్పు కాదు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అనే ఆదేశంతో క్వెరీని నిజంగా నడిపి కొలిచిన తరువాత "ఇన్ని మిల్లీసెకన్లు పట్టింది" అనవచ్చు. ఆ ఫలితంలో ఖర్చు పక్కనే కాలం కనిపిస్తుంది గాని ఆ రెండింటినీ తూచి చూడకండి. అంచనా వేసిన రికార్డుల సంఖ్యను, నిజంగా వచ్చిన సంఖ్యతో పోల్చండి. 100 వస్తాయనుకున్న చోట 50,000 వస్తే, ఖర్చు లెక్క తప్పడానికి కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.